పాత బిల్లింగ్ యాప్‌కి ఆటోమేటెడ్ టెస్టులు, కవరేజ్ రిపోర్టు: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

బెజవాడ_బిల్లింగ్:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. హోల్‌సేల్ షాపులు వాడే బిల్లింగ్ వెబ్ అప్లికేషన్ మాది. కిరాణా, సబ్బులు, షాంపూలు, ఎలక్ట్రికల్ సామాను అమ్మేవాళ్లు ఎక్కువ. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, స్క్రీన్ వైపు కాస్త జావాస్క్రిప్ట్. కోడ్ చాలామంది చేతులు మారి మా దాకా వచ్చింది. ఇప్పుడు ఇద్దరం చూసుకుంటున్నాం.

టెస్టులు లేవు. టెస్టుల ఫైలు ప్రతి యాప్ ఫోల్డర్‌లోనూ ఉంది, జాంగో తనంతట తాను పెట్టిన ఖాళీ ఫైలు అలాగే ఉంది. రిలీజ్‌కి ముందు ఇద్దరం కూర్చుని ఒక బిల్లు కొట్టి, ఒక రిటర్న్ వేసి, పీడీఎఫ్ తెరిచి చూసి, బాగానే ఉందనుకుంటే సర్వర్‌లో పెడతాం.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఈ పద్ధతి సరిపోదని బాగా తెలిసొచ్చింది. సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కి, ఏసీలు 28 నుంచి 18కి దిగాయి కదా. టేబుల్‌లో రేటు మార్చడం ఐదు నిమిషాల పని. ఆ మార్పు ఇంకా ఎక్కడెక్కడ తగులుతుందో చెప్పగలిగేవాళ్లే లేరు. 21వ తేదీ బిల్లు మీద 25న రిటర్న్ వస్తే ఏ రేటు పడాలి, మా యాప్ ఏ రేటు వేస్తుంది? ఎవరికీ గట్టిగా తెలియదు. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు టెన్షన్.

ఇప్పుడు మేనేజర్ గారు టెస్టింగ్‌కి సమయం ఇస్తామన్నారు, సంతోషమే. అయితే చివరికి 80 శాతం కవరేజ్ (కోడ్‌లో టెస్టులు నడిపించిన లైన్ల శాతం) రిపోర్టు చూపించాలన్నారు. ఇంత పెద్ద పాత కోడ్‌లో ముందు ఏ భాగానికి టెస్టులు రాయాలి? టూల్స్ ఏవి వాడాలి? గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పును కలపమని అడగడం) పెట్టగానే టెస్టులు వాటంతట అవే నడిచి రిపోర్టు రావాలంటే ఏం చేయాలి? కవరేజ్ అంకెను ఎంతవరకు నమ్మాలి? ఇలాంటి పాత యాప్‌తో నిజంగా ఈ పని చేసినవాళ్లు చెబితే మేలు.

నైట్‌డిప్లాయ్:

టూల్స్ దగ్గర ఎక్కువ ఆలోచించకండి బ్రో. పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్), దానికి జాంగో ప్లగిన్, కవరేజ్ ప్లగిన్. ఈ మూడూ ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగ్ ఫైల్లో మీ సెట్టింగ్స్ మాడ్యూల్ పేరు ఇస్తే నడుస్తుంది. కవరేజ్ ప్లగిన్ లోపల పనిచేసేది కవరేజ్ డాట్ పై. హెచ్‌టీఎంఎల్ రిపోర్టు అడిగితే ప్రతి ఫైలుకీ ఒక పేజీ ఇస్తుంది. నడిచిన లైన్లు పచ్చగా, నడవనివి ఎర్రగా కనిపిస్తాయి.

టెస్టులు త్వరగా అవ్వాలంటే పోస్ట్‌గ్రెస్ బదులు మెమరీలో ఉండే ఎస్క్యూలైట్ డేటాబేస్ పెట్టుకోండి, చాలా తేడా తెలుస్తుంది. తర్వాత ఎర్ర లైన్లు ఎక్కువున్న ఫైళ్లు చూసి ఒక్కోటీ రాసుకుంటూ పోతే 80 వచ్చేస్తుంది.

క్యూఏ_అక్క:

నైట్‌డిప్లాయ్ గారు చెప్పిన మూడు టూల్స్ సరైనవే, నేనూ అవే చెబుతాను. ఎస్క్యూలైట్ మాత్రం మీ యాప్‌కి వద్దు. ఎందుకో మన భాషలోనే చూపిస్తాను.

కస్టమర్ పేరుకి డేటాబేస్‌లో 30 అక్షరాల హద్దు పెట్టారనుకోండి. షాపు పేరు "శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర ట్రేడర్స్". కంటికి 11 అక్షరాలు, మధ్యలో మూడు ఖాళీలు. కంప్యూటర్ అలా లెక్కపెట్టదు. ఒత్తులు, గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ దానికి విడివిడి గుర్తులు. "లక్ష్మీ" ఒక్కటే 7 గుర్తులు. మొత్తం పేరు 33. పోస్ట్‌గ్రెస్ హద్దు దాటిందని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎస్క్యూలైట్ ఆ హద్దును పట్టించుకోదు, పేరును ఎంచక్కా దాచేస్తుంది. స్క్రీన్‌లోంచి ఎంటర్ చేస్తే జాంగో ఫారం ముందే పట్టుకుంటుంది. ఎక్సెల్ షీట్ నుంచి వందల కస్టమర్లను ఒకేసారి ఎక్కించే చోట ఫారం ఉండదు, జాంగో తనంతట తాను సరిచూడదు. అంటే మీ టెస్టు పాసవుతుంది, సర్వర్‌లో అప్‌లోడ్ పడిపోతుంది. ప్రొడక్షన్‌లో ఏ డేటాబేస్ ఉందో టెస్టుల్లోనూ అదే ఉండాలి, వెర్షన్‌తో సహా. పోస్ట్‌గ్రెస్‌ను డాకర్‌లో (ప్రోగ్రాంను విడి డబ్బాలో నడిపే టూల్) పెట్టుకుని, పైటెస్ట్ జాంగో ప్లగిన్‌లో పాత టెస్ట్ డేటాబేస్‌నే మళ్లీ వాడుకునే ఆప్షన్ ఆన్ చేయండి. ప్రతిసారీ మైగ్రేషన్లన్నీ (డేటాబేస్ పట్టికలు తయారుచేసే ఫైళ్లు) నడిచే బాధ తప్పుతుంది, వేగం సరిపోతుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి నా జవాబు ఒకటే: డబ్బు లెక్క జరిగే చోట. ఎర్ర లైన్లు ఎక్కువున్న ఫైలు నుంచి మొదలుపెడితే మీరు ఇచ్చిన సమయమంతా అడ్మిన్ స్క్రీన్లకీ, ఎవరూ తెరవని రిపోర్టులకీ టెస్టులు రాస్తూ కూర్చుంటారు. అంకె పెరుగుతుంది, బిల్లు మీద మీకున్న భయం అలాగే ఉంటుంది. షాపు యజమాని మీ యాప్‌ను నమ్మి కస్టమర్ చేతికి కాగితం ఇస్తున్నాడు. ఆ కాగితం మీద అంకె తప్పైతే కౌంటర్ దగ్గర మాట పడేది ఆయన. అందుకే ట్యాక్స్ లెక్కించే ఫంక్షన్ దగ్గర కూర్చోండి, మిగతావి తర్వాత.

మొదటి టెస్టు రౌండింగ్ మీద రాయండి. 100.50 రూపాయల సరుకు, 18 శాతం ట్యాక్స్. సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం. 9 శాతం అంటే సరిగ్గా 9.045. పైథాన్ డెసిమల్‌ను రెండు స్థానాలకు కుదించమంటే, మీరేమీ చెప్పకపోతే, సరిసంఖ్య వైపు దించి 9.04 చేస్తుంది. బళ్లో నేర్చుకున్న పద్ధతి కావాలని విడిగా చెబితే 9.05. రెండేసి కలిపితే ఒక చోట 18.08, ఇంకో చోట 18.10. 18 శాతం ఒకేసారి లెక్కేసి ఉంటే 18.09. ఒకే వస్తువుకి మూడు జవాబులు! మీ కోడ్‌లో బిల్లు స్క్రీన్ ఒకలా, నెలవారీ రిపోర్టు ఒకలా లెక్కేస్తుంటే నెలాఖరున పైసలు కలవవు. ఏ పద్ధతి కావాలో మీ అకౌంటెంట్‌తో తేల్చుకుని, ఆ జవాబును టెస్టులో రాసిపెట్టండి. డెసిమల్ బదులు ఫ్లోట్ (అంకెలను సుమారుగా దాచే రకం) ఎక్కడైనా వాడి ఉంటే ఈ టెస్టు రాసేటప్పుడే బయటపడుతుంది.

రెండోది తేదీ. జాంగోలో టైమ్‌జోన్ ఆన్ చేసి ఉంటే "ఇప్పుడు" అని అడిగి అందులోంచి తేదీ తీసుకునే కోడ్ చాలామంది రాస్తారు. ఆ తేదీ మన తేదీ కాదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ. మనం ఐదున్నర గంటలు ముందున్నాం. సెప్టెంబర్ 22 అర్ధరాత్రి దాటాక 12:30కి కొట్టిన బిల్లు యూటీసీలో ఇంకా 21వ తేదీ రాత్రి 7 గంటలు. అంటే సబ్బుకి 5 బదులు 18 పడుతుంది. పగటిపూట ఎన్నిసార్లు చూసినా ఇది కనబడదు. జాంగోలో స్థానిక తేదీ ఇచ్చే ఫంక్షన్ వేరే ఉంది, అది వాడాలి. టెస్టులో గడియారాన్ని ఫలానా క్షణం దగ్గర ఆపడానికి ఫ్రీజ్‌గన్ అనే లైబ్రరీ ఉంది. 21 రాత్రి 11:59, 22 అర్ధరాత్రి దాటాక 12:30, 22 ఉదయం 6. ఈ మూడు సమయాల్లో ఒకే సబ్బు బిల్లు కొట్టి చూడండి. మీరడిగిన రిటర్న్ కేసూ ఇక్కడే చేర్చండి: 21 నాటి బిల్లు మీద 25న రిటర్న్ వస్తే అసలు బిల్లులో ఉన్న 18 శాతమే వెనక్కి పోవాలి.

ఇప్పుడు కవరేజ్ సంగతి. మీ కోడ్ చూడలేదు కాబట్టి ఇలాంటి యాప్‌లలో మామూలుగా ఉండే ఒక ఫంక్షన్ చెబుతాను. కస్టమర్ జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు తీసుకుంటుంది. అవి షాపు రాష్ట్రం కోడ్‌తో కలిస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. కలవకపోతే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ట్యాక్స్). ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. మీరు గుంటూరు కస్టమర్‌తో ఒక టెస్టు, హైదరాబాద్ కస్టమర్‌తో ఒక టెస్టు రాస్తారు. ప్రతి లైనూ పచ్చగా అవుతుంది, 100 శాతం. ఇప్పుడు కౌంటర్‌కి జీఎస్టీ నంబరే లేని మనిషి వచ్చి రెండు ఫ్యాన్లు కొన్నాడు. నంబరు ఖాళీ. ఖాళీ స్ట్రింగ్‌లోంచి మొదటి రెండు అక్షరాలు తీయమంటే పైథాన్ ఎర్రర్ ఇవ్వదు, మళ్లీ ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. అది 37తో కలవదు. విజయవాడ మనిషికి విజయవాడ షాపులో ఐజీఎస్టీ పడుతుంది! రిపోర్టు మాత్రం అప్పుడూ 100 శాతమే అంటుంది. ఎందుకంటే కవరేజ్ చెప్పేది ఆ లైను నడిచిందా లేదా అన్నదే. ఏ డేటాతో నడిపించారో, వచ్చిన జవాబును ఎవరైనా సరిచూశారో లేదో దానికి తెలియదు. అందుకే నేను రిపోర్టులో పచ్చ రంగు వైపు చూడను. ఎరుపు చూస్తాను. ట్యాక్స్ ఫైల్లో ఎర్ర లైను ఉందంటే దాన్ని ఇంతవరకు ఏ టెస్టూ తాకలేదని ఖాయం. ఆ సమాచారం బంగారం.

సెట్టింగుల్లో ఇవి మర్చిపోకండి. బ్రాంచ్ కవరేజ్ (షరతులో ప్రతి దారీ నడిచిందా అని చూసేది) ఆన్ చేయండి. "డిస్కౌంట్ ఉంటే తీసెయ్" అని ఉండి, లేకపోతే ఏం చేయాలో రాయని చోట, డిస్కౌంట్ ఉన్న ఒక్క టెస్టుతోనే లైన్లన్నీ పచ్చబడతాయి. బ్రాంచ్ ఆన్ చేస్తే డిస్కౌంట్ లేని దారి నడవలేదని పసుపు రంగులో చూపిస్తుంది. సోర్స్ ఫోల్డర్ పేరు తప్పకుండా ఇవ్వండి, లేకపోతే ఏ టెస్టూ తెరవని ఫైళ్లు అసలు లెక్కలోకే రావు. మైగ్రేషన్లను కవరేజ్ లెక్కలోంచి తీసేయండి. టెస్టు ఫైళ్లను మాత్రం లెక్కలో ఉంచండి. ఒకే ఫైల్లో రెండు టెస్టులకు ఒకే పేరు పెడితే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. ఆ మొదటి టెస్టు ఎర్రగా కనిపిస్తేనే మీకు తెలుస్తుంది. కవరేజ్ డాట్ పైని 2004 నుంచి చూసుకుంటున్న నెడ్ బాచెల్డర్ కూడా టెస్టు ఫైళ్లను లెక్కలో కలపమనే చెబుతారు.

ఇంకొకటి. కోడ్ ఎందుకలా రాశారో అర్థంకాని చోట పాత బిల్లులే మీకు గురువులు. నిజమైన బిల్లుల్లోంచి రకానికి ఒకటి ఏరి, ఆ వస్తువులు, ఆ తేదీ ఇస్తే ఆ మొత్తమే రావాలని టెస్టు రాసి బిగించేయండి. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకుంటే, తర్వాత ఏది మార్చినా తేడా కనబడుతుంది. కానీ కస్టమర్ పేర్లు, ఫోన్లు, జీఎస్టీ నంబర్లు అలాగే గిట్‌లో పెట్టకండి. జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది పాన్ నంబరు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు అది వాళ్ల సొంత పాన్. మార్చిన నంబర్లు పెట్టేటప్పుడు చివరి అక్షరం చెక్ కోడ్ అని గుర్తుంచుకోండి, మీ యాప్ దాన్ని సరిచూస్తుంటే మళ్లీ లెక్కేసి పెట్టాలి.

బెజవాడ_బిల్లింగ్:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. మావాడూ నేనూ కలిసి చదివి వెంటనే కూర్చున్నాం.

రాష్ట్రం కోడ్ ఫంక్షన్ మా దగ్గర దాదాపు మీరు చెప్పినట్టే ఉంది. నంబరు నన్ (పైథాన్‌లో అసలు విలువే లేదని చెప్పే గుర్తు) అయితే షాపు రాష్ట్రమే తీసుకో అని ఒక షరతు ఉంది. ఖాళీ స్ట్రింగ్‌కి లేదు. ఎక్సెల్ నుంచి ఎక్కిన కస్టమర్లకు నన్ పడుతోంది, స్క్రీన్ నుంచి వచ్చినవాళ్లకు ఖాళీ స్ట్రింగ్. అయితే కౌంటర్ అమ్మకానికి "నగదు కస్టమర్" అని ముందే 37తో ఒక ఖాతా పెట్టి ఉండటంవల్ల ఇన్నాళ్లూ ఎవరికీ తగల్లేదు. టెస్టు రాశాం, ఎర్రబడింది (ఫెయిలైంది), ఇప్పుడు సరిచేస్తున్నాం.

రెండు సందేహాలు. ఒక్క టెస్టు రాసి కవరేజ్ నడిపితేనే మోడల్స్ ఫైలు చాలా శాతం పచ్చగా వచ్చింది. మేమేమీ టెస్ట్ చేయలేదు కదా, అదెలా? రెండోది, గిట్‌హబ్‌లో సెటప్ ఎలా? రిపోర్టు చూపించడానికి కోడ్‌కవ్ లాంటి సైటుకి పంపాలా?

పైప్‌లైన్_వైజాగ్:

మొదటి సందేహానికి: మోడల్ క్లాసులో ఫీల్డులు రాసిన లైన్లన్నీ ఫైలు ఇంపోర్ట్ అయినప్పుడే నడుస్తాయి. ఫంక్షన్ పేరున్న లైను కూడా అంతే. ఫంక్షన్ లోపలి లైన్లు మాత్రం దాన్ని పిలిస్తేనే. జాంగో ప్రాజెక్టుల్లో అందుకే మొదటిరోజు నుంచే అంకె ఊరికే పెద్దగా కనిపిస్తుంది. మీ మేనేజర్ గారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచండి.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో (టెస్టుల్లాంటి పనులను దానంతట అదే నడిపే సదుపాయం) మా దగ్గర నడుస్తున్న పద్ధతి చెబుతాను. వర్క్‌ఫ్లో ఫైలు పుల్ రిక్వెస్ట్ మీద నడవాలని పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌ను సర్వీస్ కంటైనర్‌గా (టెస్టుల పక్కన విడిగా నడిచేలా) ఇవ్వండి. దానికి హెల్త్ చెక్ తప్పనిసరి. లేకపోతే డేటాబేస్ లేచేలోపే టెస్టులు మొదలై, ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతూ మీ ప్రాణం తీస్తుంది. ఆ తర్వాత పైథాన్, ప్యాకేజీలు, పైటెస్ట్. కవరేజ్‌ను హెచ్‌టీఎంఎల్ గానూ, ఎక్స్‌ఎమ్‌ఎల్ గానూ రెండు రకాలుగా తీయండి. హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌ను ఆర్టిఫాక్ట్‌గా (ఆ రన్‌తో పాటు గిట్‌హబ్‌లో దాచే ఫైలుగా) ఎక్కిస్తే ఎవరైనా దించుకుని చూడొచ్చు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ దేనికంటే డిఫ్ కవర్ అనే చిన్న టూల్ కోసం. అది మెయిన్ బ్రాంచ్‌తో (అసలు కోడ్‌తో) పోల్చి, ఈ పుల్ రిక్వెస్ట్‌లో మారిన లైన్లలో ఎన్ని టెస్టయ్యాయో చెబుతుంది. పాత కోడ్ ఉన్న టీమ్‌కి ఇంతకన్నా ఉపయోగపడేది ఇంకోటి నేను చూడలేదు. ఇక్కడ అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. గిట్‌హబ్ చెకౌట్ (కోడ్ దించుకునే స్టెప్) మామూలుగా ఆఖరి కమిట్ ఒక్కటే తెస్తుంది. పోల్చడానికి మెయిన్ చరిత్ర దొరకదు, డిఫ్ కవర్ ఎర్రర్ ఇస్తుంది. చెకౌట్ స్టెప్‌లో ఫెచ్ డెప్త్ సున్నా అని పెడితే మొత్తం చరిత్ర వస్తుంది.

ఇదంతా నడిచాక రిపాజిటరీ సెట్టింగ్స్‌లో మెయిన్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్ పెట్టి, ఈ చెక్ పాసైతేనే మెర్జ్ అయ్యేలా చేయండి. ఇది లేకపోతే అర్జెంట్ అని ఎవరో ఒకరు ఎర్రగా ఉన్నా మెర్జ్ చేసేస్తారు, వారం తిరిగేసరికి ఆ ఎరుపు అందరికీ అలవాటైపోతుంది.

బయటి సైటుకి పంపడం మీ ఇష్టం. గ్రాఫులు, పుల్ రిక్వెస్ట్ మీద కామెంట్లు అందంగా వస్తాయి. ఇద్దరున్న టీమ్‌కి ఆర్టిఫాక్ట్ చాలు అని నా అభిప్రాయం. పంపేటట్టయితే ఒక జాగ్రత్త. 2021లో జనవరి 31 నుంచి ఏప్రిల్ 1 దాకా కోడ్‌కవ్ అప్‌లోడ్ స్క్రిప్టును ఎవరో దుండగులు మార్చేశారు. దాన్ని నడిపిన కంపెనీల సీఐ మెషీన్లలోని (టెస్టులు నడిపే మెషీన్లు) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కీలు, పాస్‌వర్డుల్లాంటివి ఉంచే సెట్టింగులు) బయటకు పోయాయి. ఏ సైటైనా సరే, టెస్టులు నడిచే జాబ్‌లో ప్రొడక్షన్ పాస్‌వర్డులు, ఎస్సెమ్మెస్ గేట్‌వే కీలు పెట్టొద్దు. టెస్టులకు అవి అక్కర్లేదు కూడా. బయటి యాక్షన్లు వాడితే ట్యాగ్ పేరు బదులు పూర్తి కమిట్ హ్యాష్ (ఆ ఒక్క కోడ్ వెర్షన్‌కే ఉండే గుర్తు) ఇవ్వండి.

లెక్కల_పద్దు:

నేను ముందు అకౌంట్స్‌లో పనిచేసి తర్వాత టెస్టింగ్‌లోకి వచ్చాను. రాష్ట్రం కోడ్ ఫంక్షన్ గురించి ఒక మాట. నంబరు మొదటి రెండు అంకెలు చూడటం చాలా బిల్లులకు పనిచేస్తుంది గానీ చట్టం చూసేది "ప్లేస్ ఆఫ్ సప్లై". మామూలుగా సరుకు చివరికి ఎక్కడ చేరుతుందో అది.

రెండు కేసులు మీ టెస్టుల్లో కచ్చితంగా ఉండాలి. మొదటిది: హైదరాబాద్ పార్టీ మీ విజయవాడ షాపులో కొని, సరుకును నేరుగా గుంటూరులో ఉన్న తన కస్టమర్‌కి పంపమంటాడు. బిల్లు ఒకరికి, డెలివరీ ఇంకొకరికి. సరుకు ఆంధ్రప్రదేశ్ దాటలేదు కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అనిపిస్తుంది. ఐజీఎస్టీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం పంపమని చెప్పిన పార్టీ ప్రధాన వ్యాపార స్థలమే లెక్క. అంటే తెలంగాణ, ఐజీఎస్టీ. ఎవరైనా కోడ్‌ను డెలివరీ అడ్రస్ చూసేలా "మెరుగుపరిస్తే" ఇది తప్పుతుంది.

రెండోది జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారు. 2023 అక్టోబర్ 1 నుంచి ఇలాంటివాళ్లకు బిల్లు మీద రాసిన అడ్రస్‌ను బట్టి ప్లేస్ ఆఫ్ సప్లై. అడ్రస్ లేకపోతే షాపు ఉన్న చోటు. కాబట్టి నంబరు లేదు, ఖమ్మం అడ్రస్ ఉంది: ఐజీఎస్టీ. నంబరూ లేదు, అడ్రసూ లేదు: సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఖాళీ అయితే షాపు రాష్ట్రం అని ఊరుకుంటే సగమే సరిచేసినట్టు.

పైటెస్ట్‌లో పారామెట్రైజ్ వాడి ఇవన్నీ ఒక పట్టికలా రాయండి. ఒక్కో వరుసలో షాపు రాష్ట్రం, కొన్నవారి నంబరు, అడ్రస్ రాష్ట్రం, రావాల్సిన ట్యాక్స్. ఆ పట్టిక ప్రింట్ తీసి మీ ఆడిటర్ చేతిలో పెడితే కోడ్ రాకపోయినా ఆయన చదివి తప్పులు పట్టగలడు. ఆయన కలిపిన ప్రతి వరుసా మీకు ఒక కొత్త టెస్టు.

బెజవాడ_బిల్లింగ్:

ఖమ్మం అడ్రస్ కేసు మేం అసలు ఆలోచించలేదండి, పట్టికలో చేర్చాం. పట్టికను సోమవారం ఆడిటర్ గారికి చూపిస్తున్నాం. అక్కా, 80 శాతం సంగతి మేనేజర్ గారికి ఎలా చెప్పాలి? కాదనలేం, ఆయన క్లయింటుకు చూపించాలంటున్నారు. స్క్రీన్ మీదున్న జావాస్క్రిప్ట్‌కి ఏం చేయాలో కూడా చెప్పండి.

క్యూఏ_అక్క:

లెక్కల_పద్దు గారికి దండాలు. ఇలాంటి మనిషి పక్కన ఉంటే సగం టెస్టింగ్ అయిపోయినట్టే.

మేనేజర్ గారిని కాదనొద్దు, ఆయన అడిగిన అంకెతో పాటు ఇంకో రెండు చూపించండి. ట్యాక్స్, బిల్లు, రిటర్న్ ఫోల్డర్ల బ్రాంచ్ కవరేజ్ ఒకటి. దీన్ని 95 దాకా తీసుకెళ్లడం మీకు సాధ్యమే, కోడ్ తక్కువ కాబట్టి. కొత్తగా మారిన లైన్ల కవరేజ్ రెండోది, పైప్‌లైన్_వైజాగ్ గారు చెప్పిన డిఫ్ కవర్‌తో. దానికి 90 గేటు పెట్టండి. మొత్తం యాప్ అంకెకు ఇవాళ ఎంతుందో అంతే కనీస హద్దుగా కవరేజ్ కాన్ఫిగ్‌లో ఫెయిల్ అండర్ దగ్గర రాయండి. పెరిగినప్పుడల్లా ఆ హద్దును పైకి జరపండి, కిందికి మాత్రం రానివ్వకండి. క్లయింటుకు "మీ బిల్లు లెక్కల్లో దాదాపు ప్రతి దారీ టెస్టయింది" అని చెప్పడం మొత్తం మీద 80 అని చెప్పడం కన్నా బలంగా ఉంటుంది, ఆయనకు ఆ మాటే అమర్చిపెట్టండి. అంకె కోసమే పరుగెత్తితే జరిగేది నేను చాలా టీముల్లో చూశాను. వ్యూను పిలిచి, పేజీ తెరుచుకుందని చూసి వదిలేసే టెస్టులు పుట్టుకొస్తాయి. బిల్లు మొత్తం ఎంత వచ్చిందో వాటిలో ఎవరూ సరిచూడరు. కవరేజ్ ఎక్కేస్తుంది.

అలాంటివి పట్టుకోవడానికి ఒక పద్ధతి. ట్యాక్స్ ఫంక్షన్‌లో కావాలని ఒక కూడికను తీసివేత చేయండి, ఒక "కన్నా ఎక్కువ"ని "కన్నా ఎక్కువ లేదా సమానం" చేయండి. టెస్టులు నడపండి. ఏదీ ఎర్రబడకపోతే ఆ లైను పచ్చగా ఉన్నా దానికి కాపలా లేనట్టే. ఈ పనిని దానంతట అదే చేసే మ్యూట్‌మట్ అనే టూల్ ఉంది. యాప్ మొత్తం మీద నడిపితే తెల్లారిపోతుంది, ట్యాక్స్ ఫైలు ఒక్కదాని మీద రాత్రిపూట నడపండి.

జావాస్క్రిప్ట్ దగ్గర ముందు ఒక విషయం చూడండి. బిల్లు స్క్రీన్‌లో వస్తువు కలపగానే మొత్తం మారుతోందంటే బ్రౌజర్ కూడా విడిగా ట్యాక్స్ లెక్కేస్తోందన్నమాట. సేవ్ కొట్టాక సర్వర్ మళ్లీ లెక్కేస్తుంది. రెండు లెక్కలు, రెండు రౌండింగులు. అవకాశముంటే బ్రౌజర్ లెక్క తీసేసి సర్వర్‌నే అడగండి. కుదరకపోతే ఆ లెక్కను విడి ఫైల్లో పెట్టి, వైటెస్ట్‌తో (జావాస్క్రిప్ట్ టెస్టుల టూల్) టెస్టులు రాసి, పైథాన్ టెస్టులు చదివే పట్టికనే జేసన్‌గా ఇటూ ఇవ్వండి. ఒకే పట్టిక, రెండు భాషలు.

బ్రౌజర్ తెరిచి నడిపే టెస్టులకు ప్లేరైట్ బాగుంటుంది. బటన్ సిద్ధమయ్యేదాకా అదే ఆగుతుంది, ఎక్కడపడితే అక్కడ రెండు సెకన్లు నిద్రపో అని రాయక్కర్లేదు. ఎక్కువ రాయకండి, ఇవి మెల్లగా నడుస్తాయి. లాగిన్, కొత్త బిల్లు, రిటర్న్, పీడీఎఫ్. ఈ నాలుగు చాలు. కొత్త బిల్లు టెస్టులో 100.50 వస్తువునే కొట్టండి. సేవ్‌కి ముందు స్క్రీన్ మీద కనిపించిన మొత్తం, సేవ్ అయ్యాక డేటాబేస్‌లో ఉన్న మొత్తం, పీడీఎఫ్‌లోంచి తీసిన మొత్తం మూడూ ఒకటే కావాలని రాయండి. ఫెయిలైతే ట్రేస్ ఫైలును ఆర్టిఫాక్ట్‌గా దాచేలా పెట్టుకోండి, ఏ క్లిక్ దగ్గర ఏం కనిపించిందో తెరిచి చూడొచ్చు. ఆడిటర్ గారు పట్టికలో ఏం కలిపారో సోమవారం తర్వాత ఇక్కడ రాయండి. రిటర్న్‌ల గురించి ఆయన ఏమంటారో నాకూ తెలుసుకోవాలని ఉంది.